మొదటి రోజు నుంచే కొలవండి: రోడ్లు భవనాల శాఖ ఇంజనీర్-ఇన్-చీఫ్ గారికి బహిరంగ లేఖ



కృష్ణపట్నం రేవు 2008లో మొదలైనప్పటి నుంచి నెల్లూరు తీరంలో రోడ్లు మోసే బరువు ఏటికేడు పెరుగుతోంది. బొగ్గు, వంటనూనె, ఎరువులు రాత్రింబవళ్లు కదులుతున్నాయి. నేలటూరు థర్మల్ కేంద్రం బూడిద ట్యాంకర్లు వాటికి తోడు. కృష్ణపట్నం పారిశ్రామిక నగరం, అదే క్రిస్ సిటీకి, 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఉత్తరాన రామాయపట్నం రేవు వస్తోంది. వీటికి వెళ్లే రోడ్లన్నీ చెన్నై–విజయవాడ రైలు మార్గాన్నో, బకింగ్‌హాం కాలువనో, కండలేరు పాయనో, ఏదో ఒక వాగునో దాటాల్సిందే.

రైళ్లు ఆపడానికి వీల్లేని చోట, కింద సెంట్రింగ్ నిలబెట్టడానికి జాగా లేని చోట ఇప్పుడు మనం చేస్తున్న పని ఒకటే. ఉక్కు గర్డర్లను క్రేనుతో ఎత్తి పియర్ల మీద కూర్చోబెట్టి, వాటి పైన షియర్ స్టడ్‌లు వెల్డింగ్ చేసి, ఆ స్టడ్‌లు మునిగేలా కాంక్రీటు స్లాబ్ పోస్తున్నాం. కాంక్రీటు గట్టిపడ్డాక ఉక్కూ కాంక్రీటూ ఒకే దూలంగా పనిచేస్తాయి. దాన్నే కాంపోజిట్ గర్డర్ అంటున్నాం. నేను ఈ పద్ధతికి వ్యతిరేకిని కాను. మన తీరానికి ఇది మంచి పద్ధతేనని నా నమ్మకం. అయితే ఈ దూలం పదేళ్లకు, ముప్పై ఏళ్లకు ఎలా ఉంటుందో చెప్పే లెక్కల్లో నెల్లూరు గాలి లేదు, నెల్లూరు ఇసుక లేదు, నెల్లూరు నీళ్లు లేవు. అవి ఆ లెక్కల్లోకి రావాలంటే మీరు ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఈ తీరంలో కొత్తగా కట్టే ప్రతి కాంపోజిట్ స్పాన్‌ను కాంక్రీటు పోయకముందు నుంచే కొలవాలి, ఆ కొలతలను ఎవరైనా చూడగలిగేలా ఉంచాలి. నేను కోరేది ఇంతే. ఎందుకు కోరుతున్నానో చెబుతాను. మీకు తెలిసిన విషయాలు కొన్ని మళ్లీ రాయక తప్పదు. ఇది బహిరంగ లేఖ కాబట్టి, ఆ వంతెనల మీద రోజూ తిరిగేవాళ్లకూ అర్థం కావాలి.

ఉక్కుకు వయసుతో ఆకారం మారదు. తుప్పు పట్టకుండా చూసుకుంటే ఈ రోజు ఎంత పొడవుందో యాభై ఏళ్లకూ అంతే ఉంటుంది. కాంక్రీటు సంగతి వేరు. అందులోని నీరు ఏళ్ల తరబడి మెల్లగా ఆరిపోతూ ఉంటే అది కుంచించుకుపోతుంది. అది ష్రింకేజ్. బరువు కింద ఉంటే, ఆ బరువు పెరగకపోయినా, ఏళ్ల తరబడి ఇంకా ఇంకా నలుగుతూ పోతుంది. అది క్రీప్. విడిగా ఉంటే ఈ రెండూ పెద్ద ఇబ్బంది కాదు. ఇక్కడ కాంక్రీటును కదలకుండా పట్టుకుని ఉన్నది ఉక్కు. స్లాబ్ కురచవుతానంటుంది, కింద ఉన్న గర్డర్ స్టడ్‌లతో దాన్ని బిగించి పట్టుకుంటుంది. పచ్చి పలకకు ఒక పక్క మాత్రమే ఎండ తగిలితే అది ఎలా వంగుతుందో వడ్రంగిని అడిగితే చెబుతాడు. దూలం కూడా అలాగే, పైభాగం కురచై, మధ్యలో కిందికి కుంగుతుంది. పైన ఒక్క లారీ లేకపోయినా కుంగుతుంది.

ఎంత కుంగుతుంది? మాటలతో సరిపెట్టకుండా ఒక లెక్క చేసి చూపిస్తాను. 30 మీటర్ల స్పాన్. గర్డర్ లోతు 1,500 మిల్లీమీటర్లు, కింది ఫ్లాంజి 500కి 30, పై ఫ్లాంజి 400కి 25, వెబ్ మందం 14. ఆ గర్డర్ వాటాకు వచ్చే స్లాబ్ వెడల్పు 2,500, మందం 220, కాంక్రీటు ఎం40. ప్రాప్‌లు లేకుండా కట్టిన దూలం. అంటే పచ్చి కాంక్రీటు బరువంతా ఉక్కే మోసింది. గట్టిపడ్డాక జంటగా మోసే శాశ్వత భారం రోడ్డు పై పొర, పక్క గోడలు మాత్రమే. అది మీటరుకు సుమారు 600 కిలోలు అనుకుందాం. కాంపోజిట్ వంతెనల కోడ్ ఐఆర్‌సీ:22 చెప్పినట్టు మాడ్యులర్ రేషియో (ఉక్కు బిగువు కాంక్రీటు బిగువుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) తాత్కాలిక భారానికి 7.5, శాశ్వత భారానికి 15 తీసుకుంటే, ఆ 600 కిలోల వల్ల కుంగుడు ఏడున్నర మిల్లీమీటర్ల నుంచి తొమ్మిదికి చేరుతుంది. క్రీప్ తెచ్చిన అదనం ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఇప్పుడు ష్రింకేజ్ చూద్దాం. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456లో ఉన్న 0.0003 విలువ వేస్తే ఒక్క ష్రింకేజ్ వల్లే దూలం మధ్యలో సుమారు 18 మిల్లీమీటర్లు కుంగుతుంది. అదే విలువ 0.0005 అయితే 31 మిల్లీమీటర్లు. మొత్తం భారానికి ఐఆర్‌సీ:22 ఒప్పుకునేది స్పాన్‌లో 600వ వంతు. 30 మీటర్లకు అది 50 మిల్లీమీటర్లు.

ఈ అంకెలను కాస్త నిలిచి చూడమని మనవి. కాంపోజిట్ దూలం దీర్ఘకాల ప్రవర్తన అనగానే మన డిజైన్ ఆఫీసుల్లో చర్చంతా మాడ్యులర్ రేషియో చుట్టూ తిరుగుతుంది. 15 వేయాలా, ఇంకో విలువ వేయాలా అని. ప్రాప్‌లు లేని దూలంలో శాశ్వత భారపు కుంగుడు మీద దాని ప్రభావం ఒకటి రెండు మిల్లీమీటర్లు. అసలు ప్రశ్న ష్రింకేజ్ ఎంత అన్నది. ఆ ఒక్క అంకె మారితే ఫలితం 13 మిల్లీమీటర్లు మారిపోతోంది. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? తేమ నుంచి, ఇసుక కంకరల నుంచి, నీటి పాళ్ల నుంచి, క్యూరింగ్ నుంచి. మొత్తంగా ఊరి నుంచి వస్తుంది.

కాంక్రీటు వంతెనల కోడ్ ఐఆర్‌సీ:112లో క్రీప్ పట్టికకు రెండు గదులున్నాయి. పొడి వాతావరణమైతే 50 శాతం తేమ, తడి వాతావరణమైతే 80 శాతం. ఈ పట్టికకు మూలం యూరప్‌లో తయారైన 1990 నాటి మోడల్ కోడ్. అందులో మధ్యరకం మందం ఉన్న కాంక్రీటుకు 28 రోజుల వయసులో బరువు పడితే చివరి క్రీప్ గుణకం (బరువు పడగానే నలిగినదానికి ఎన్ని రెట్లు అదనంగా నలుగుతుందో చెప్పే అంకె) పొడి గదిలో సుమారు 2.5, తడి గదిలో సుమారు 1.7. ఇక నెల్లూరు వంతెన డిజైన్ చేసే కుర్రవాడు ఏ గది ఎంచుకుంటాడు? సముద్రతీరం కదా అని 80 రాస్తాడు. క్రీప్ తగ్గుతుంది, ష్రింకేజ్ తగ్గుతుంది, గర్డర్ కాస్త సన్నబడుతుంది. చెక్ చేసేవారూ సముద్రతీరమే కదా అని సంతకం పెడతారు. నా దృష్టిలో ఇది ఈ తీరంలో జరుగుతున్న అతి పెద్ద పొరపాటు.

ఎందుకంటే నెల్లూరు తీరం ఏడాది పొడవునా తడిగా ఉండే తీరం కాదు. కేరళలా నైరుతి వానలు ఇక్కడ కురవవు. నైరుతి మనకు వాన కంటే ఎక్కువగా పడమటి గాలిని తెస్తుంది. మేలో, జూన్‌లో ఆ గాలి నల్లమల, వెలిగొండల మీదుగా వేడెక్కి దిగుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం వేళ తేమ 50 శాతం కిందికి పడిపోయే రోజులుంటాయి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగితే మళ్లీ ఒళ్లంతా జిగట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, వాయుగుండాలు, తుపాన్లు. 2023 డిసెంబరులో మిచౌంగ్ ఈ తీరం వెంబడే పైకి పాకుతూ వెళ్లి బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. అంటే కోడ్ పుస్తకంలోని రెండు గదులూ ఇక్కడ ఒకే ఏడాదిలో, ఒక్కోసారి ఒకే రోజులో ఉంటాయి. సగటు తీస్తే సరిపోదా అంటారేమో. సరిపోతుందన్న భరోసా లేదు. బరువు కింద ఉన్న కాంక్రీటు ఆరుతున్నప్పుడు, విడిగా లెక్కేసిన క్రీప్, ష్రింకేజ్‌లను కలిపితే వచ్చేదాని కంటే ఎక్కువ వైకల్యం వస్తుందని పరిశోధకుడు పికెట్ 1942లోనే చూపించాడు. తడిసి ఆరి మళ్లీ తడిసే కాంక్రీటు స్థిరమైన తేమలో ఉన్న కాంక్రీటులా నడుచుకోదు.

ఇక మేలో ఇక్కడ స్లాబ్ పోసే చోటికి వెళ్లి చూడండి. ఎండకు భయపడి రాత్రి పోస్తారు, అది మంచిదే. తెల్లవారాక గోనెపట్టాలు కప్పి నీళ్లు కొడతారు. పదింటికల్లా పడమటి గాలికి ఆ పట్టాలు పెళపెళలాడుతుంటాయి. మళ్లీ ట్యాంకర్ రావాలి. ఆ ట్యాంకర్ ఎక్కడ నిండుతుందో అడగాలి. తీరపు మండలాల్లో రొయ్యల గుంటల పక్క బోర్లలో నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో నోట్లో పోసుకుంటేనే తెలిసిపోతుంది. ఆర్‌సీసీ కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 చెబుతుంది. కలిపే నీటికి పరీక్ష పత్రం ఫైల్లో ఉంటుంది. పైన కొట్టే నీటి సంగతి మాత్రం ట్యాంకర్ డ్రైవర్‌నే అడగాలి.

ఇసుక మాటా చెప్పాలి. గూడూరు ప్రాంతం అభ్రకానికి ప్రసిద్ధి. ఇసుకలో అభ్రకపు రేణువులు ఉంటే అదే పనితనానికి ఎక్కువ నీళ్లు పోయాల్సి వస్తుంది, నీళ్లు ఎక్కువైతే ష్రింకేజ్ ఎక్కువవుతుంది. సిమెంటులో కొంత భాగం బదులు బూడిద కలుపుతున్నాం. కలపాలి కూడా, ఉప్పుగాలిని తట్టుకోవడానికి అది మేలు చేస్తుంది. కానీ బూడిద కలిసిన కాంక్రీటు మెల్లగా గట్టిపడుతుంది, దాని క్రీప్ దారి వేరు. కోడ్‌లోని సూత్రాలు ఎక్కడెక్కడి ప్రయోగశాలల్లోనో చేసిన కాంక్రీటు దిమ్మెలకు సరిపెట్టినవి. పెన్నా ఇసుకకూ నేలటూరు బూడిదకూ అవి ఎంతవరకు అతుకుతాయో చెప్పగలిగేది ఇక్కడి వంతెన ఒక్కటే.

జనాన్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. 18 బదులు 31 మిల్లీమీటర్లు కుంగినంత మాత్రాన ఏ వంతెనా కూలదు. ఉక్కు గర్డర్‌కు బలం చాలినంత మిగిలే ఉంటుంది. నష్టం వేరే రూపంలో వస్తుంది. మధ్యలో పల్లమైతే వాననీళ్లు నిలుస్తాయి. ఎక్స్‌పాన్షన్ జాయింట్ల దగ్గర వాలు మారి లారీ ఎక్కినప్పుడల్లా దెబ్బ పడుతుంది. రెండు మూడు స్పాన్లను కలిపి ఒకే దూలంగా కట్టిన చోట ఇంకో చిక్కుంది. పియర్ మీద స్లాబ్ అసలే తన్యతలో ఉంటుంది, ష్రింకేజ్ ఆ లాగుడును ఇంకా పెంచుతుంది. సన్నటి చీలికలు పడతాయి. ఉప్పుగాలి తగలని కడప జిల్లాలో ఆ చీలికలు ఏళ్ల తరబడి చీలికలుగానే ఉండిపోవచ్చు. మన తీరాన తూపిలిపాళెం దగ్గరో కోడూరు దగ్గరో అయితే ఉప్పు వాటిలోంచి దిగి ముందు స్లాబ్ కడ్డీలను, ఆపైన స్టడ్‌లను, గర్డర్ పై ఫ్లాంజిని పట్టుకుంటుంది. స్లాబ్ కింద దాగిన తుప్పును తనిఖీకి వచ్చిన అసిస్టెంట్ ఇంజనీరు కళ్లతో చూడలేడు.

మన తనిఖీ పద్ధతి దీన్ని పట్టగలదా? వంతెన పూర్తయ్యాక లోడ్ టెస్ట్ చేస్తున్నాం. బరువు పెట్టి 24 గంటలు ఉంచి, తీసేసి మరో 24 గంటలకు ఎంత వెనక్కి వచ్చిందో చూస్తున్నాం. కట్టుబడిలో లోపాలు పట్టడానికి అది మంచి పరీక్ష. 24 గంటల పరీక్షకు క్రీప్, ష్రింకేజ్ దొరకవు. 2016లో కేంద్రం ఇండియన్ బ్రిడ్జ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ మొదలుపెట్టి, జాతీయ రహదారుల మీద కల్వర్టులతో కలిపి లక్షా డెబ్బై వేలకు పైగా కట్టడాలను జాబితాకెక్కించింది. గొప్ప పని. అది కట్టడం ఈ రోజు ఎలా ఉందో చెబుతుంది. పుట్టినప్పుడు ఎలా ఉందో కొలత లేకపోతే, ఈ రోజు కనిపించే పల్లం మొదట్లో క్యాంబర్ (గర్డర్‌కు ముందే ఇచ్చే పైవంపు) తప్పు పెట్టడం వల్ల వచ్చిందా, ఏటేటా పెరుగుతూ వచ్చిందా అన్నది ఎవరూ తేల్చలేరు.

కొలతలు దాచిపెడితే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. పసిఫిక్‌లోని పలావు దేశంలో కొరోర్–బాబెల్‌డావోబ్ వంతెన 1977లో పూర్తయింది. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు బాక్స్ గర్డర్, 241 మీటర్ల స్పాన్, ఆ రోజుల్లో ఆ తరహాలో ప్రపంచ రికార్డు. పద్దెనిమిదేళ్లకు మధ్యలో మీటరున్నరకు పైగా కుంగింది. సరిచేసిన మూడు నెలలకే, 1996 సెప్టెంబరు 26న, కూలిపోయింది. కోర్టు గొడవల ఒప్పందాల కింద దాని సాంకేతిక వివరాలన్నిటికీ సీలు పడింది. పదేళ్లు గడిచాక, 2007 నవంబరులో, మన పక్కనే బెంగళూరులో జరిగిన స్ట్రక్చరల్ ఇంజనీర్ల ప్రపంచ మహాసభలో కాంక్రీటు క్రీప్ నిపుణుడు ప్రొఫెసర్ బజాంత్ ఒక తీర్మానం పెట్టారు. కూలిన కట్టడాల సాంకేతిక సమాచారాన్ని దాచడం వృత్తిధర్మానికి విరుద్ధమని దాని సారాంశం. సభ ఆమోదించింది. కొద్ది నెలల్లోనే పలావు ప్రభుత్వం సీలు తీసింది. ఆ వివరాలు చూశాకే, అప్పట్లో వాడిన క్రీప్ సూత్రాలు దీర్ఘకాల కుంగుడును ఎంత తక్కువ చేసి చూపాయో తేలింది. ఆ తర్వాత వెతికితే అలాగే అంచనా మించి కుంగుతున్న వంతెనలు వివిధ దేశాల్లో యాభైకి పైగా బయటపడ్డాయి. పలావుది కాంపోజిట్ వంతెన కాదు, మన స్పాన్లు దానిలో ఎనిమిదో వంతు. కానీ కాంక్రీటు అక్కడా కాంక్రీటే, దాని లెక్క తప్పిన తీరు మనకూ వర్తిస్తుంది.

లెక్క కట్టే తెలివి మనకు లేక కాదు. ఐఐటీ ఢిల్లీలో చౌదరి, పెంధార్కర్, నాగ్‌పాల్ కలిసి కాంపోజిట్ ఫ్రేముల్లో క్రీప్, ష్రింకేజ్, చీలికలు మూడింటినీ కలిపి లెక్కించే పద్ధతిని 2007లోనే ప్రచురించారు. యూరప్ కోడ్ శాశ్వత భారానికి ఒక గుణకం, ష్రింకేజ్‌కు వేరే గుణకం ఇస్తుంది. మనం కోడ్ ప్రకారం రెండిటికీ కాంక్రీటు బిగువును ఒకేలా సగం చేసి ముందుకు పోతున్నాం. మోడల్ ఎంత గొప్పదైనా, సరిచూసుకోవడానికి నిజమైన వంతెన నుంచి వచ్చిన కొలత కావాలి. నెల్లూరు తీరం నుంచి అలాంటి కొలతలు పదేళ్లపాటు వరసగా అందుబాటులో ఉంటే, ఇక్కడ 50 రాయాలా 80 రాయాలా అన్న వాదన అక్కడితో ముగిసిపోతుంది.

ఖర్చు గురించి అడుగుతారు. అన్ని స్పాన్లకూ ఖరీదైన సెన్సర్లు పెట్టమనడం లేదు. గర్డర్లు పియర్ల మీద కూర్చున్నాక, స్లాబ్ పోయకముందు, ప్రతి గర్డర్ కింది ఫ్లాంజి మీద మధ్యలోనూ రెండు చివర్లలోనూ చెరిగిపోని గుర్తులు పెట్టించండి. ఆటో లెవెల్, స్టాఫ్ ప్రతి సైట్లోనూ ఉన్నవే. పోయకముందు, పోసిన మర్నాడు, 7, 28, 90 రోజులకు, ఆ తర్వాత ఏటా రెండుసార్లు, మేలో ఒకటి, నవంబరులో ఒకటి, లెవెల్ తీయించండి. సూర్యోదయానికి ముందే తీయాలి. ఎండ ఎక్కాక పై స్లాబ్ వేడెక్కి దూలం తాత్కాలికంగా వంగి రీడింగును పాడుచేస్తుంది. స్లాబ్ పోసిన కాంక్రీటుతోనే కొన్ని దిమ్మెలు పోసి, వాటిని ల్యాబు నీళ్ల తొట్టిలో కాకుండా ఆ వంతెన కిందే, అదే గాలిలో ఉంచి, అవి ఎంత కురచవుతున్నాయో కొలిపించండి. పోసిన తేదీ, ఇసుక ఎక్కడిది, బూడిద ఎంత, క్యూరింగ్ నీటిలో క్లోరైడ్ ఎంత అన్నవి ఒక కాగితం మీద రాయించండి. వాతావరణ శాఖ కేంద్రాలు నెల్లూరులోనూ కావలిలోనూ ఉన్నాయి, తేమ లెక్కలు వాళ్ల దగ్గర ఉంటాయి. రేవు రోడ్డు మీద ఒకటి రెండు స్పాన్లకు మాత్రం స్లాబ్ లోపల వైబ్రేటింగ్ వైర్ గేజీలు పెడితే చాలు, పై నుంచి కింది దాకా కాంక్రీటు ఎలా కురచవుతోందో తెలుస్తుంది. పైన తారు పొర పడ్డాక స్లాబ్ కింది వైపు నుంచి మాత్రమే ఆరుతుంది, ఆరే కాలం బాగా పెరుగుతుంది. ఇది ఏ పట్టికలోనూ సరిగ్గా దొరకని సంగతి.

కొలిచేవాళ్లు లేరనకండి. విద్యానగర్‌లో ఎన్‌బీకేఆర్ కళాశాల ఉంది, ఏర్పేడులో ఐఐటీ తిరుపతి ఉంది. ఏటా ఎంటెక్ విద్యార్థులు విదేశీ పత్రికల్లోని దూలాలను కంప్యూటర్‌లో మోడల్ చేసి థీసిస్‌లు రాస్తున్నారు. వాళ్లకు ఇంటి పక్క వంతెన ఇవ్వండి. ఒక బ్యాచ్ వెళ్లిపోతే తర్వాతి బ్యాచ్ రీడింగు తీస్తుంది.

కొలతలు బయటపెడితే కాంట్రాక్టర్ల మీదో ఇంజనీర్ల మీదో కేసులు పడతాయన్న భయం శాఖలో ఉంటుందని తెలుసు. ఆ భయం తీర్చాల్సింది మీరే. దీర్ఘకాల కుంగుడు కొలతలను పరిశోధన కోసమే వాడాలని, బిల్లులకూ శిక్షలకూ ముడిపెట్టరాదని ఆ ఉత్తర్వులోనే ఒక వాక్యం రాయండి. అప్పుడు సైట్ ఇంజనీరు ఉన్న అంకెను ఉన్నట్టు రాస్తాడు. ఆ వాక్యం లేకపోతే అన్ని రీడింగులూ డిజైన్‌తో ముచ్చటగా సరిపోతాయి, వాటి వల్ల ఎవరికీ ఉపయోగం ఉండదు.

వందేళ్ల ఆయుష్షు అని మన డ్రాయింగుల మీద రాస్తున్నాం. కాంక్రీటు పోశాక దాని మొదటి రీడింగు తీసుకునే అవకాశం మళ్లీ రాదు. అందుకే ఈ తీరంలో మీ శాఖ తర్వాత పోయబోయే స్లాబ్‌తోనే ఇది మొదలుపెట్టించండి. జాతీయ రహదారుల సంస్థకూ, రైల్వేకూ ఇదే విషయమై మీ తరఫున ఒక ఉత్తరం రాయండి. పట్టాల మీది స్పాన్లు చాలావరకు వాళ్ల చేతుల్లో ఉన్నాయి.

భవదీయుడు,
నెల్లూరు తీరంలో పనిచేస్తున్న ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు